నాయన వచ్చినాడా

మా జేజి, అంటే తన తల్లి, గోరీకి రాయి పెట్టాలని మా నాయన రంజాన్, తాడిపత్రి నుంచి నల్లబండ తెప్పించాడు. ఉరవకొండలో రాళ్ళు చెక్కే మేస్త్రీ అడిగింది రెండే మాటలు: పోయినావిడ పేరు, ఆమె తండ్రి పేరు. "మాబున్నీసా. తండ్రి మస్తాన్ బాషా" అన్నాడు మా నాయన తడుముకోకుండా. పక్కనే ఉన్న కూతుర్ని, నాకు నోరు ఊరుకోదు. మస్తాన్ సరే, ఈ బాషా ఎక్కడి నుంచి వచ్చాడని అడిగాను. మేస్త్రీ ముందు నేనలా అడ్డం పడటంతో మా నాయనకు తల కొట్టేసినట్టయింది. బండను అక్కడే వదిలేసి బయటికి నడిచాడు.

నేను ఊరికే అడగలేదు. మా జేజి తండ్రిని ఊరంతా మస్తానప్ప అనేదట. మేము మస్తానబ్బ అంటాం. దూదేకే మనిషి. ఆయన్ని బాషా అని పిలిచినట్టు చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు. కానీ మా జేజి మాత్రం ఎవరు అడిగినా "మా నాయన బాసప్ప" అనేది. మా పక్క బాషా అనే పేరున్న ప్రతి మనిషీ బాషప్పే. పళ్ళు ఊడిన నోట్లో ఆ మాట అలా అయిందనుకున్నాం. మస్తాన్‌ను, బాషాను కలిపితే మస్తాన్ బాషా. ఆ పేరుతో వీధికొక మనిషి ఉంటాడు కాబట్టి ఇంట్లో ఎవరికీ ఇంకో ఆలోచన రాలేదు.

మా జేజి సంగతి తెలియనివాళ్ళకు కొంచెం చెప్పాలి. ఉరవకొండ నుంచి వజ్రకరూరు పోయే దారిలో లోపలికి తిరిగితే, రాళ్ళ మిట్ట మీద మాబమ్మ కొట్టాల అనే ఊరుంది. ఆ మాబమ్మే మా జేజి. వెనకటి పెద్ద కరువులో ఆ మిట్ట మీద గంజి కేంద్రం పెట్టారట. అప్పుడు అది రెండు బండిదారులు కలిసే చోటు, అంతకుమించి ఏమీ కాదు. నీళ్ళు లేవు, నీడ లేదు. కరువు తీరాక కేంద్రం ఎత్తేశారు. గంజికి వచ్చిన జనం ఎవరి ఊళ్ళకు వాళ్ళు పోయారు. మస్తానబ్బ, ఆయన భార్య కూడా మూట కట్టుకున్నారట. వాళ్ళ చేయి పట్టుకుని ఉన్న ఆడపిల్ల మాత్రం కదల్లేదు. "నేను ఈడ్నే ఉంటా" అని నేల మీద కూలబడింది. కొట్టినా లేవలేదట, బతిమాలినా లేవలేదట. చివరికి వాళ్ళే మూట విప్పారు. ఆ ముగ్గురిదే ఆ మిట్ట మీద మొదటి కాపురం.

పెళ్ళీడు వచ్చాక గుత్తి నుంచి సంబంధం వస్తే, పెళ్ళికొడుకే వచ్చి ఇక్కడ ఉండాలంది. మా జేజినాయన మెత్తని మనిషి, వచ్చి ఉన్నాడు. బావిని ఆమె తవ్వించిందని అంటారు గానీ అది తప్పు, ఆమే తవ్వింది. కొంగు నడుముకు చుట్టి లోపలికి దిగేది. పైన మస్తానబ్బ తట్టలు లాగేవాడు. నీళ్ళు పడ్డాక ఒక్కొక్క కుటుంబం వచ్చి చేరింది. మా దూదేకులవాళ్ళూ వచ్చారు, గొర్రెలు కాసుకునేవాళ్ళూ, కూలికి పోయేవాళ్ళూ వచ్చారు. ఎవరు వచ్చినా జేజి గునపం తెచ్చి గుంజకు గుంత తీసేది. తర్వాతి కరువుల్లో ఊరు ఊరంతా తాళాలేసి బెంగళూరు పనులకు పోతే ఆమె ఒక్కతే ఉండిపోయింది. రోడ్డు పక్కన సర్కారు స్థలాలిస్తామన్నా పోలేదు. బావి ఎండి, బోర్లు ఎండి, ట్యాంకరు వస్తేనే నీళ్ళు అనే రోజులు వచ్చినా "ఈడ్నే ఉంటాం" అన్న మాట మారలేదు. బడి వాళ్ళు ఒకసారి శాలువా కప్పి, ఇంత ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందమ్మా అని మైకులో అడిగితే, ఆమె ఏం మాట్లాడకుండా దిగిపోయింది. మేము సిగ్గు అనుకున్నాం.

ఆమెకు రెండు అలవాట్లుండేవి, అవి మాకు అంతు పట్టేవి కావు. ఒకటి, మేకపిల్ల పుడితే దాని చెవి తానే కోసేది. కుడి చెవి కొన తీసేసి, ఎడమ చెవిని నడిమికి చీల్చేది. గొర్రెలూ మేకలూ కాసేవాళ్ళు మంద కలిసిపోతే గుర్తుపట్టడానికి అలా ఎవరి కోత వాళ్ళు పెట్టుకుంటారు. దూదేకే ఇంటి పిల్లకు ఆ పని ఎవరు నేర్పారో మేము ఎప్పుడూ అడగలేదు. రెండోది, పాప గోరీ. ఊరి చివర గోరీల దొడ్డికి ఈ పక్కన చిన్న రాళ్ళ కుప్ప ఉండేది. గంజి కేంద్రం నాడు ఎవరో పాప పోతే పూడ్చిన చోటని మస్తానబ్బ చెప్పాడట. ఏడ్చేవాళ్ళు లేని పాప అని జేజి ప్రతి గురువారం దాని మీద చెంబెడు నీళ్ళు పోసేది. తాగడానికి నీళ్ళు కొనుక్కునే రోజుల్లో కూడా పోసేది. తొలకరి పడగానే వజ్రాలు ఏరుకోవడానికి తల వంచుకుని తిరిగే జనం ఆ రాళ్ళు కదిపితే మాత్రం, ఎంత దూరం నుంచి వచ్చినవాళ్ళయినా ఆమె తిట్లు తినే పోయేవాళ్ళు.

చివరి రోజుల్లో ఆమె మంచం వాకిలి ముందే వేయించుకుంది. ఎవరు లోపలికి వచ్చినా "నాయన వచ్చినాడా" అని అడిగేది. తల్లులు కొడుకుల్ని కూడా నాయనా అనే పిలుస్తారు కదా. కొడుకు కోసం అడుగుతోందనుకుని మేము మా నాయనను పిలిచేవాళ్ళం. ఆయన అంగట్లో పని వదిలేసి పరిగెత్తుకొచ్చి మంచం పక్కన కూర్చుని, "వచ్చినా కదమ్మా, ఈడ్నే ఉండా" అనేవాడు. ఆమె ఆయన ముఖంలోకి చూసి, అటు తిరిగి పడుకునేది. ప్రతిసారీ అంతే. పోయే రోజు కూడా అంతే. కన్నతల్లి పోతూ పోతూ నా ముఖం చూడనంటే నేనేం పాపం చేశానని మా నాయన ఆ సంవత్సరమంతా తనలో తానే కుమిలిపోయాడు. రాయి పెట్టాలన్న పట్టుదల కూడా అందులోంచి వచ్చిందే. ఏడాది నిండినప్పుడు గోరీ దగ్గర చదివే ఫాతెహాలోపు మంచి రాయి, దాని మీద తండ్రి పేరు తప్పు లేకుండా, వీలైతే మస్తానబ్బ వైపు చుట్టాలను వెతికి ఆ రోజుకు పిలవడం. అది చేస్తే అమ్మ మనసు తిరుగుతుందని ఆయన నమ్మకం.

బండ దగ్గర గొడవైన మర్నాడు ఆయనే మా పరుపుల అంగడికి వచ్చాడు. ఉరవకొండలో ఆ అంగడి ఇప్పుడు నేనే చూసుకుంటాను. ఆయన నా ముఖం వైపు చూడకుండా, నీకు అంత అనుమానముంటే నువ్వే పోయి కనుక్కో అన్నాడు. జేజి తన పుట్టిల్లు గురించి చెప్పేది ఒక్కటే మాట, 'కుందుర్పి కొండ కింద' అని. మస్తానబ్బ వాళ్ళది ఆ ఊరే అయ్యుంటుందని, అక్కడి దూదేకుల ఇళ్ళలో అడగమని పంపాడు.

కళ్యాణదుర్గంలో బస్సు మారి కుందుర్పికి పోయాను. పరుపులు కుట్టే ఒక ముసలాయన నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, తన తాతల పేర్ల దగ్గర నుంచి అన్నీ చెప్పాడు. మస్తాన్ బాషా అనేవాడు తమలో ఎప్పుడూ లేడన్నాడు. ఇంకో రెండు ఇళ్ళలోనూ అదే మాట. ఎండలో తిరిగి తిరిగి నాకు చిర్రెత్తుకొచ్చింది. పనికిమాలిన ప్రయాణం అని మా నాయనను మనసులో తిట్టుకుంటూ బస్సు కోసం నిలబడితే, గొర్రెల మంద ఒకటి రోడ్డు దాటింది. వాటి చెవులు చూశాను. కుడి చెవికి కొన లేదు. ఎడమ చెవి నడిమికి చీలి ఉంది. ఒకదానికి కాదు, మందంతా అంతే.

వెనకాల కంబళి కప్పుకుని వస్తున్న మనిషిని ఆపాను. పేరు గిరి అట, యాభై దాటినవాడు. ఈ కోత ఎవరిది అని అడిగితే నన్ను ఎగాదిగా చూశాడు. ఆడమనిషి, అందులో పట్నం చీరలో ఉన్న మనిషి, గొర్రె చెవుల గురించి అడగడం ఆయనకు వింతగా ఉన్నట్టుంది.

"ఇది మా తాత కోతమ్మా. మా అమ్మ వాళ్ళ నాయన. ఈ పక్క ఎవుర్నడిగినా చెప్తారు, బసప్ప కోత అని."

బసప్ప. బాసప్ప. మా జేజి నోట్లో ఆ మాట సరిగ్గానే ఉండేది. తప్పంతా మా చెవుల్లో ఉంది. మేము ఇద్దరు మనుషుల్ని కలిపి ఒకణ్ణి చేసుకున్నాం.

గిరి వాళ్ళ ఇల్లు నిజంగానే కొండ కింద ఉంది. ఆయన తల్లి గంగక్క వాకిట్లో కూర్చుని చెనక్కాయలు ఒలుస్తోంది. ఆమె తలెత్తగానే నాకు మా జేజి కనిపించింది. అదే నుదురు, అదే ముక్కు, ఎదుటి మనిషిని నమ్మీ నమ్మనట్టు చూసే అదే చూపు. మీకు తోబుట్టువులున్నారా అని అడిగాను. ఒక అక్క ఉండేదని, పేరు చెన్నమ్మ అని, పెద్ద కరువులో పోయిందని చెప్పింది. ఎలా పోయిందో చెప్పమన్నాను. నేనెవరినో, ఎందుకు అడుగుతున్నానో కూడా అడగకుండా చెప్పింది. ఆమె ఆ కథను చాలాసార్లు చెప్పుకున్నట్టుంది, కాయలు ఒలిచే చేయి ఆగలేదు.

కరువుకు గొర్రెలన్నీ చచ్చిపోయాయట. తల్లి కూడా పోయిందట. గుత్తి పక్క పని దొరుకుతుందని బసప్ప ఇద్దరు ఆడపిల్లల్ని తీసుకుని నడిచాడు. దారిలో గంజి పోసే మిట్ట దాకా వచ్చేసరికి పెద్దదానికి అడుగు పడలేదు.

"నన్ను సంకనేసుకున్నాడు మా నాయన. అక్కకు కాళ్ళు బొబ్బలెక్కినాయి. ఇద్దర్ని మోసేకి ఆయప్పకు బలం యాడుండాది? గంజి పోసే కాడ కూర్చోబెట్టి చెప్పినాడు, ఈడ్నే ఉండు, యాడికీ పోవద్దు, పని చూసుకోని వస్తా అని. నేను సంకలో నుంచి చూస్తానే ఉన్నా. అక్క ఏడ్వలా. తలూపింది."

ఊరు పుట్టించిన ఆడమనిషి, కరువుకు వెరవని మాబమ్మ, మైకులో అడిగినా చెప్పని ఆ ధైర్యం. నాయన కదలొద్దన్నాడు కాబట్టి కదల్లేదు, అంతే. నీళ్ళు లేని ఆ మిట్ట మీద బావి తవ్వింది, ఇల్లు కట్టింది, మొగుణ్ణి అక్కడికే రప్పించింది, నలుగురినీ చేర్చింది. ఎదురుచూడటానికి బతకాలి, అందుకని. మేమందరం దాన్ని గొప్పగా చెప్పుకుంటూ బతికాం.

మరి బసప్ప తిరిగి రాలేదా అని అడిగాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. గంగక్క చేయి అప్పుడు ఆగింది.

"రాకేం? పనైనంక మల్లా ఆ మిట్టకే పోయినాడు. గంజి పోసేటోళ్ళు ఎవురూ లేరు. దూది ఏకే విల్లు భుజానేసుకున్న ఒకాయన ఒంటరిగా ఉన్నాడంట. బసప్ప కూతురు చెన్నమ్మ యాడ అని అడిగితే, ఆ పాప పోయిందప్పా, మేమే పూడ్చినాం అన్నాడంట. గుంత గూడా చూపించినాడు. మా నాయన ఆ రాళ్ళ మీద పడి ఏడ్చి ఏడ్చి వచ్చినాడు. సచ్చేదాకా ఆ మాటే. ఈడ్నే ఉండమని నేనే సంపుకుంటి అని."

ఆ మిట్ట మీద దూది విల్లున్న మనిషి ఒక్కడే, మస్తానబ్బ. ఆ పొద్దు జేజి ఆయన భార్యతో నీళ్ళకో కట్టెలకో పోయి ఉండాలి. ఆ విల్లు ఇప్పటికీ మా ఇంట్లో, మా నాయన మంచానికి పైన, గోడకు వేలాడుతోంది. ఆయన పండక్కి దానికి నూనె రాస్తాడు. చిన్నప్పుడు ఆయన్ని భుజాన ఎక్కించుకుని తిప్పింది మస్తానబ్బే, దూది ఏకడం నేర్పింది మస్తానబ్బే. అల్లా తర్వాత మస్తానబ్బే మా నాయనకు.

గంగక్క ఇంకో మాట చెప్పింది. ఏటా పెద్దల అమావాస్యకు చెన్నమ్మ పేరున ఒక చిన్న లంగా కొని, మొక్కి, ఆ వయసు పిల్లకు ఎవరికైనా కట్టిస్తారట. బసప్ప మొదలుపెట్టాడు, ఈమె మానలేదు. చచ్చిపోయిన అక్క ఏ ఏటికాయేడు చిన్నపిల్లగానే ఉండిపోయింది వాళ్ళకు.

నేను ఇంక ఆగలేకపోయాను. ఫోన్ తీసి మా జేజి ఫోటో ఆమె చేతిలో పెట్టాను. ఎవరో చెప్పాను. ఎక్కడ బతికిందో, ఏ పేరుతో బతికిందో, ఎంతమంది పిల్లలో చెప్పాను. గంగక్క ఫోన్‌ను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. ఎప్పుడు పోయిందని అడిగింది. పోయిన ఏడు అన్నాను. ఆమె ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. ఒలిచిన కాయలను కోపంగా పక్కకు తోసేసింది. బస్సెక్కితే పొద్దు తిరగకముందే చేరే చోట ఉందే, ఇన్నేళ్ళూ బతికే ఉందే అని ఒకటికి రెండుసార్లు అంది. తర్వాత నా చేయి పట్టుకుని, తాను అసలు అడగాలనుకున్నది అడిగింది.

"మా నాయన ఇడిసిపెట్టి పోయినాడు అనుకోని పోయిందా మా యక్క?"

చివరి రోజుల్లో వాకిలి వైపు చూస్తూ ఆమె అడిగిన మాట చెప్పాను. అప్పుడు ఏడ్చింది గంగక్క. ఏడుస్తూనే ఆ విల్లాయన నోట మన్ను పడ అని శపించింది. ఆ విల్లాయన ఎవరో నేను చెప్పలేదు. నోరు ఊరుకోని మనిషినని నాకు పేరు, కానీ ఆ రోజు ఊరుకుంది. ఏడాది ఫాతెహాకు రమ్మని పిలిచి బస్సెక్కాను.

ఇంటికి వచ్చి మా నాయనకు సగమే చెప్పాను. జేజి మస్తానబ్బకు పుట్టలేదని, బసప్ప కూతురని, గంజి కేంద్రంలో కూర్చోబెట్టి పోయాడని, చెల్లెలు బతికి ఉందని. ఆయన విల్లు కింద మంచం మీద కూర్చుని విన్నాడు. హిందువుల బిడ్డ అన్న మాటకు ఆయన తొణకలేదు. మా కొట్టాల్లో దాని గురించి గుండెలు బాదుకునేవాళ్ళు లేరు. కూర్చోబెట్టి పోయాడన్న మాట దగ్గరే ఆయన ముఖం మారింది.

"కన్నంత మాత్రాన తండ్రి అయితాడా? దావలో కూర్చోబెట్టి పోయినోని పేరు మా అమ్మ నెత్తిన పెట్టల్లా? అన్నం పెట్టినోని పేరే రాయిస్తా. నువ్వు ఇంగ దీంట్లో నోరు పెట్టొద్దు పాపా."

మిగతా సగం నా గొంతు దాకా వచ్చింది. చెబితే ఆయనకు మస్తానబ్బ లేకుండా పోతాడు. చెప్పకపోతే, వచ్చి ఏడ్చి పోయిన తండ్రి దొంగగా మిగులుతాడు, దాచినవాడి పేరు మా జేజి తల దగ్గర నల్లబండ మీద నిలుస్తుంది. నాకు మస్తానబ్బ మీద ఒళ్ళు మండిపోయింది. అదే సమయంలో, ఆయన సాకకపోతే నేను లేనన్నదీ నిజమే. ఎవరి మీద కోపం చూపించాలో తెలియక, ఆ వారమంతా అంగట్లో వచ్చినవాళ్ళ మీద విసుక్కున్నాను. మేస్త్రీకి మాత్రం ఏదో వంక చెప్పి, ఫాతెహా అయ్యేదాకా పేరు చెక్కొద్దన్నాను.

ఫాతెహా రోజు గంగక్క కొడుకుతో కలిసి వచ్చింది. మా నాయన ఎదురువెళ్ళి "రా చిన్నమ్మా" అని చేయి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆ పిలుపుకు ఆమె కళ్ళు నిండాయి. అందరూ ఆమె ముఖంలో జేజిని చూసి గుమిగూడారు. చల్లగా ఉంటుందని మా నాయన ఆమెను లోపలికి తీసుకుపోయి తన మంచం మీదే కూర్చోబెట్టాడు. కూర్చోబోతూ ఆమె గోడ వైపు చూసింది. నూనె రాసిన విల్లు నల్లగా మెరుస్తోంది. ఆ విల్లు సంగతి నాకు ముందు గుర్తు రాలేదు అనను. గుర్తొచ్చింది, తీయడానికి చేయి రాలేదు.

"ఎవురిదప్పా అది?" అంది గంగక్క.

మా నాయన ముఖం వెలిగింది. మస్తానబ్బదని, అమ్మను సాకినాయనదని, ఆయన లాంటి మనిషి మళ్ళీ పుట్టడని చెప్పుకుంటూ పోయాడు. గంగక్క ఆయన వైపు చూడలేదు. నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఆమెకు అర్థమైపోయింది. మంచం మీద కూర్చోకుండా, అక్క గోరీ చూపించమంది.

మా ఊళ్ళో ఆడవాళ్ళు గోరీల దగ్గరికి పోకూడదన్న పట్టింపు లేదు. పోయే దారిలో పాప గోరీ రాళ్ళ దగ్గర ఆగి, అది ఎవరిదని గంగక్క అడిగి తెలుసుకుంది. ముల్లా సాబు, మా ఇంటివాళ్ళు, ఊరివాళ్ళు కొందరు ముందే అక్కడ ఉన్నారు. మస్తానబ్బ గోరీ పక్కనే జేజిది. ఇంకా రాయి లేదు, మట్టే. గంగక్క ఆ మట్టి దగ్గర చతికిలబడి అరచేయి ఆనించింది. పక్కన ఎవరున్నారో ఆమెకు పట్టలేదు. పక్క గదిలో పడుకున్న మనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది.

"అక్కా, నాయన వచ్చినాడే. నువ్వు ఈడ్నే ఉండావు, నాయన ఈడికే వచ్చినాడు. నువ్వు పోయినావని చెప్పినారు ఆయనకు. ఆ పక్కనుండే రాళ్ళు చూపించినారు."

మా నాయన ముందు పాప గోరీ వైపు చూశాడు. తర్వాత మస్తానబ్బ గోరీ వైపు చూశాడు. నన్ను అడిగాడు, నిజమా అని మాత్రం. నేను అవునన్నాను. చెప్పింది విల్లున్న మనిషేనా అని అడగలేదు. అడగనక్కర్లేదు. ఆయన అక్కడే మట్టిలో కూర్చున్నాడు. మస్తానబ్బ వాళ్ళకు ఒక కూతురుండి కరువులో పోయిందని మస్తానబ్బ భార్యే ఒకసారి తనతో అన్నదని, ఎక్కడ పూడ్చారో చెప్పలేదని అన్నాడు. ఎవరికి చెప్పాడో తెలియదు. అప్పుడు నాకు కూడా ఆ రాళ్ళ కింద ఉన్నది ఎవరో తెలిసింది. మస్తానబ్బ తన బిడ్డ గోరీనే చూపించాడు. దాని మీదే మా జేజి బతికినన్నాళ్ళూ నీళ్ళు పోసింది. నాకు కోపం తగ్గలేదు. కానీ ఆ కోపం నిలబడటానికి చోటు లేకుండా పోయింది.

గంగక్క కొంగులో చుట్టి తెచ్చిన చిన్న ఎర్ర లంగా తీసింది. అది మా జేజి కోసం తెచ్చినది. కాసేపు చేతిలో పట్టుకుని, లేచి పోయి పాప గోరీ మీద పరిచి, ఎగిరిపోకుండా ఒక రాయి పెట్టింది. "మా నాయన బసప్ప ఏడ్చింది ఈ రాళ్ళ మీదే గదా, దీనికే ఉండనీ" అంది.

తిరిగి వస్తుంటే మా నాయన ఆమెను అడిగాడు, రాయి మీద ఏం రాయించమంటావు చిన్నమ్మా అని. అడిగేటప్పుడు ఆయన గొంతు చిన్నపిల్లాడిదిలా ఉంది. బసప్ప పేరు రాయించమంటుందని నేను అనుకున్నాను. గంగక్క నడుస్తూనే ఆలోచించింది.

"నాకు సదువు రాదప్పా. మా యక్క ఒగటే అడిగింది గదా ఇన్నేండ్లూ. దానికి జవాబు రాయించు."

అమ్మ ముఖం తిప్పుకున్నది తన మీద కోపంతో కాదని మా నాయనకు అప్పుడు అర్థమైంది. రోడ్డు మీదే నిలబడి భోరున ఏడ్చాడు. గిరి వచ్చి పట్టుకున్నాడు.

విల్లు ఇప్పటికీ గోడకే ఉంది. మా నాయన దాన్ని తీయలేదు, నూనె కూడా రాయలేదు. మంచాన్ని మాత్రం ఎదుటి గోడ వైపుకి మార్చుకున్నాడు. రాయి పోయిన నెలలో నిలబెట్టాం. తండ్రి పేరు ఎందుకు లేదని, ఈ రాత ఎక్కడి వింత రాతని చూసినవాళ్ళు అడుగుతున్నారు. మేస్త్రీ కూడా ఒప్పుకోవడానికి చాలాసేపు పట్టింది. పైన మాబున్నీసా అని ఉంది. దాని కింద ఒకే వరుస: నాయన వచ్చినాడు.